తెఱమీద కానరాని మితవాది

రాజకీయములను గూర్చి వ్రాయువారు సాధారణముగా ఒక పక్షమునకును మఱియొక పక్షమునకును గల వైరమునే వర్ణింతురు. ఒకే పక్షమువారికి తమలో తమకు గల అభిప్రాయభేదమును శ్రద్ధతో పరిశీలించువారు తక్కువ. కాని మన సంఘసంస్కారచరిత్రను కొంచెము తిరుగవేసినవారికి ఈ రెండవ తగవే ముఖ్యమైనదని తోపక మానదు. ఏలయన, ఒక సంస్కారశాసనము పుట్టునో పుట్టదో, పుట్టినది బ్రతుకునో బ్రతుకదో తేల్చునది చాలసార్లు ఎదిరిపక్షము కాదు. ఆ శాసనమును తెత్తుమని ప్రజలకు మాటయిచ్చి, దాని పేర ఓట్లు సంపాదించి, తీఱ తెచ్చునప్పటికి లోలోపల జంకు పెద్దలే దానిని తేల్చుచుందురు.

ప్రతిపక్షమునందును మూడు తెగలవారుందురు. మార్పు ఈ దినముననే, సంపూర్ణముగ జరుగవలెనని తొందరపడువారు అతివాదులు. మార్పు వలసినదే గాని, జనమును వెంటబెట్టుకొని మెట్టుమెట్టుగ పోవలెననువారు మితవాదులు. ఉన్నదానిని కదల్చినచో ఇల్లే కూలునేమోయని భయపడువారు సంప్రదాయవాదులు. వీరు మువ్వురును ఒకే జెండాక్రింద, ఒకే తివాచిమీద కూర్చుందురు. ఒకరి యింటి పెండ్లికి మఱియొకరు పోవుదురు. మొదటివారు లేకున్న పక్షము నిద్రపోవును. మూడవవారు లేకున్న అది తాను వదలిపోవుచున్నదేమో ఎఱుగదు. రెండవవారు లేకున్న మొదటివారికిని మూడవవారికిని మాటలే ఉండవు. ఈ విషయమును మన తెలుగు చలనచిత్రము ఎట్లు చూపుచున్నదో విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

చలనచిత్రము వినోదమాత్రమే గదా, దానికింత విమర్శ యేలయని కొందఱడుగవచ్చును. ఇతరదేశములలో ఆ ప్రశ్న చెల్లునేమో గాని తెలుగుదేశమున చెల్లదు. హైదరాబాదు నగరమునకు పడమటి గుట్టలపై వెలసిన జూబ్లీహిల్సు, ఫిలింనగరములు మన కథలకు కర్మాగారములు. మదరాసులో పెరిగిన చిత్రపరిశ్రమ క్రమముగ ఇచ్చటికి తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో ఆ చేరువనే 1976లో ప్రారంభమైనది. రామానాయుడుగారి స్టూడియో, చలనచిత్ర వాణిజ్యమండలి ఫిలింనగరముననే యున్నవి. ఆ పరిశ్రమనుండి వచ్చిన ఒక నటుడు 1982 మార్చి 29వ తేదీన పక్షమును స్థాపించి, తొమ్మిదినెలలు గడచి పదియవనెల జొచ్చునప్పటికి రాష్ట్రాధికారమును కైకొనెను. మఱియొక నటుడు 2008లో స్థాపించిన ప్రజారాజ్యము 2009 ఎన్నికలలో 18 స్థానములు గెలిచి, 2011లో కాంగ్రెసులో కలిసిపోయినది. ఇట్టిచోట తెఱమీది రాజకీయము ఒట్టి నీడ కాదు. మన పిల్లలు ఎన్నికలనగా నేమో, మంత్రివర్గమనగా నేమో పౌరశాస్త్రపాఠముకంటె ముందుగ తెఱమీదనే నేర్చుకొనుచున్నారు. కావున ఆ పాఠము ఎట్టిదో చూడవలసినదే.

శేఖర్ కమ్ముల గారి 'లీడర్' 2010లో వచ్చినది. ఇటీవలి రాజకీయచిత్రములలో ఇది మేలైనవాటిలో నొకటియని మా యభిప్రాయము. ముఖ్యమంత్రి హత్యకు గుఱియగును. విదేశమునుండి వచ్చిన కుమారుడు తండ్రి కూడబెట్టిన అక్రమధనమును చూచి నివ్వెఱపోవును. ఆ ధనముతోనే తన పక్షపు శాసనసభ్యులను కొని ముఖ్యమంత్రియగును. పిమ్మట అవినీతిని పెకలింపబూనును. మంచిపనికి చెడ్డసాధనము తగునా యను ధర్మసందేహమును ఈ చిత్రము నిజాయితీతో ఎత్తుకొన్నది. అందులకు దర్శకుని మెచ్చుకొనవలెను. కాని అమ్ముడుపోయిన శాసనసభ్యుల సంగతి చూడుడు. వారికి వెల కలదు గాని అభిప్రాయము లేదు. సంస్కారము వలదనుటకు వారికి గల హేతువు ధనాశయొక్కటే. ఇంతమంది ప్రజాప్రతినిధులలో 'అయ్యా, మీరు చెప్పునది న్యాయమే. కాని మా తాలూకాలో ఇది ఇట్లు చేసినచో ఇట్టి చిక్కు వచ్చును' అని చెప్పగలవాడు ఒక్కడైనను కథలో బలముగ నిలువలేదు.

కొరటాల శివ గారి 'భరత్ అనే నేను' 2018 నాటిది. ఇందును ముఖ్యమంత్రి మరణించును; లండనునుండి కుమారుడు వచ్చును; పక్షములోని పెద్దయైన వరదరాజు అతనిని సింహాసనమెక్కించును. కుమారుడు రహదారినియమములకు కఠినమైన జుల్మానాలు విధించును, ప్రభుత్వపాఠశాలలను బాగుచేయబూనును, గ్రామములకే ధనమును అధికారమును అప్పగించును. గ్రామస్వపరిపాలనమును గూర్చి ఇంత సూటిగ పలికిన జనప్రియచిత్రము అరుదు. బడిపంతులుగా మాకు పాఠశాలల ప్రస్తావము సంతోషమును కలిగించినది. కాని గ్రామములకు అధికారమిచ్చుటలో ఎన్నో నిజమైన చిక్కులున్నవి. ఆ ధనమును ఊరిలో బలవంతుడే మ్రింగునేమో? మాలమాదిగవాడలకు అందులో ఎంత చేరును? ఈ ప్రశ్నలను అడుగవలసినవాడు ఎవడు? పక్షములో అనుభవశాలియైన వరదరాజు. అతడు అడుగడు. అడుగవలసిన యవసరము కూడ లేకుండ కథకుడు ఉపాయము పన్నినాడు. నాయకుని తండ్రిని చంపినవాడు ఆ వరదరాజేయని చివరకు తేలును!

మోహన్ రాజా గారి 'గాడ్ ఫాదర్' మలయాళచిత్రమైన 'లూసిఫర్'నుండి 2022లో తెలుగునకు వచ్చినది. అందును ముఖ్యమంత్రి మరణమే ఆరంభము, వారసత్వమే తగవు, ఆ యింటి అల్లుడే దుర్మార్గుడు. ఈ మూడుచిత్రముల పోలికను పాఠకులు గమనింపుడు. మూడింటను పక్షమనగా ఒక కుటుంబము. తగవనగా దాయభాగము. సంస్కారమనగా యోగ్యుడైన వారసుడు గద్దెనెక్కుట. మహాభారతమునందైనను గద్దెకొఱకైన తగవు సభలోనికి వచ్చినది. భీష్మునకును విదురునకును తమతమ మాటలున్నవి, దుర్యోధనుని కొలువున ఉండియు విదురుడు అతనిని కాదన్నాడు. ఫిలింనగరపు కొలువులో విదురునకు చోటు లేదు.

నిజచరిత్రను తీసుకొన్నప్పుడైనను ఈ లోపము తీఱినదా? క్రిష్ గారు నందమూరి తారకరామారావుగారి జీవితమును రెండుభాగములుగ 2019లో తెఱకెక్కించిరి. రెండవదియైన 'మహానాయకుడు' 1984 ఆగస్టులో గవర్నరు ఆయనను పదవినుండి తొలగించుటను, తన మంత్రివర్గమువాడైన నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రియగుటను, సెప్టెంబరులో తారకరామారావు తిరిగి అధికారమునకు వచ్చుటను చూపి కథను ముగించినది. 1995 ఆగస్టులో అదే పక్షము రెండుగ చీలి, సెప్టెంబరు 1వ తేదీన ఆయన అల్లుడు ముఖ్యమంత్రియైన వృత్తాంతమునకు అది పోలేదు. అదే యేట రామగోపాలవర్మ గారు తెచ్చిన 'లక్ష్మీస్ ఎన్టీఆర్' మాత్రము ఆ రెండవవృత్తాంతమునే చేపట్టి, ఒకవైపువారిని సంపూర్ణముగ దోషులుగ నిలిపినది.

ఒకరు చెప్పక విడిచిరి. ఒకరు ఏకపక్షముగ చెప్పిరి. రెండింటికిని మూలమొక్కటియే. 1984 నాటి తగవులో ప్రతినాయకుడెవరో ప్రేక్షకులు ముందే నిర్ణయించుకొనియుండిరి. అట్టికథను చెప్పుట సులభము. 1995 నాటి తగవులో అట్లు కాదు. పక్షము స్థాపకునిదా, ఎన్నికైన శాసనసభ్యులదా యను నిజమైన ప్రశ్న అందు కలదు. నాయకుని పేరుమీద గెలిచినవారు ఆ నాయకునే తొలగింపవచ్చునా యని ఒకరు, పక్షము ఒక మనిషి యింటిసొత్తా యని మఱియొకరు వాదించిరి. ఈ రెండువాదములను న్యాయముగ వినిపింపగల నాటకకర్తకు ఇది గొప్పవస్తువు. మన చిత్రకారులకు మాత్రము అది చేదుమందైనది.

ఇప్పుడు లోపము ఎచ్చటనున్నదో తేటగ చెప్పవచ్చును. మన రాజకీయచిత్రము సంప్రదాయవాదిని హంతకునిగ మార్చుచున్నది. ఎదుటివాడు హంతకుడైనచో అతని వాదమును వినవలసిన పని లేదు. అతని వాదమును విననక్కఱలేనప్పుడు నాయకుడు ప్రతివాదము చెప్పవలసిన పనియు లేదు. కావున సంస్కారము వాదమున గెలువదు. ఆజ్ఞగా వెలువడును, లేదా ముష్టియుద్ధమున నెగ్గును. ఈ రెండింటినడుమ రాజీకుదుర్చు మితవాదికి పాత్రయే లేకుండ పోవుచున్నది. ఒకవేళ ఉన్నను అతడు హాస్యగాడో, పిఱికివాడో, అమ్ముడుపోవువాడో యగును. మన సంఘమున ఇంతవఱకు జరిగిన మేలులో సగపాలు ఈ తెగవారి ఓర్పుచేతనే జరిగినదని ఫిలింనగరము మఱచినది.

ఈ దోషము చలనచిత్రజాతికి సహజమైనది కాదు. మన పూర్వచిత్రములే అందులకు సాక్ష్యము. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో 'మాలపిల్ల'ను తెచ్చిరి. హరిజనకన్యకును బ్రాహ్మణయువకునకును గల ప్రేమ అందలి వస్తువు. యువకుని తండ్రి సుందరరామశాస్త్రి ఆచారపరాయణుడు, సంస్కారమునకు విరోధి. కాని రామబ్రహ్మముగా రాతనిని హంతకునిగ చేయలేదు. అతడు చదువుకొన్నవాడు, తాను నమ్మినదానిని నమ్మికతోనే పలుకును, తుదకు మనస్సు మార్చుకొనును. మార్చుకొనగల మనస్సు కలవానిగ అతనిని చిత్రించుటచేతనే, చూచుచున్న ఆచారపరునకు కూడ తన మనస్సును మార్చుకొనుటకు త్రోవ దొరకినది. హంతకుని తెఱమీద చూచిన ఛాందసుడు 'నేనితనివంటివాడను కాను' అని హాయిగ ఇంటికి పోవును. శాస్త్రిని చూచినవాడు అంత హాయిగ పోలేడు.

మఱుసటియేట అదే దర్శకుడు 'రైతుబిడ్డ'ను తీసెను. జమీందారుల దౌర్జన్యమునకు ఎదురునిలిచిన రైతుకథ యది. బళ్లారి రాఘవగారు రైతుగ నటించిరి. జమీందారులు దానిపై మండిపడగా కొన్నిచోట్ల దాని ప్రదర్శనము నిషేధింపబడెను. విచిత్రమేమన, దానిని నిర్మించిన సారథిసంస్థకు వెన్నుదన్నుగ నిలిచినవారు చల్లపల్లి రాజావారు, అనగా స్వయముగ ఒక జమీందారు. ఒకే వర్గమునందు జనించిన భేదమువలన ఒక మంచిచిత్రము పుట్టిన దనుట తప్పుగాదు. వర్గమంతయు ఒకేమాటపై నిలుచుననుకొనుట మన భ్రమ. ఏ కోటకైనను లోపలినుండి తలుపు తీయువా డొకడుండును.

ఇట్లు లోపలినుండి తలుపు తీయబోయి దెబ్బతిన్నవారి కథ మన రాష్ట్రచరిత్రయందే యున్నది. 1961 నాటి భూపరిమితిశాసనము భూమితరగతినిబట్టి 27 మొదలు 324 ఎకరములవఱకు ఉంచుకొననిచ్చినది. అది పేరునకే శాసనము. 1971 సెప్టెంబరు 30వ తేదీన ముఖ్యమంత్రియైన పి. వి. నరసింహారావుగారు భూస్వామికుటుంబమున పుట్టినవారైనను ఆ పరిమితిని గట్టిగ తగ్గింపబూనిరి. 1972 ఎన్నికలలో క్రొత్తవారికిని వెనుకబడిన తరగతులవారికిని కాంగ్రెసు స్థానములు విరివిగ లభించెను. ఆ యేటనే శాసనసభ ఆమోదించిన భూసంస్కరణచట్టము మాగాణి 10 మొదలు 27 ఎకరములు, మెట్ట 35 మొదలు 54 ఎకరములు మాత్రమే కుటుంబమునకు మిగిల్చినది. దీనిని బాహాటముగ కాదన్నచో పేదలపక్షమను పేరు పోవును. ఔనన్నచో పొలము పోవును. కాంగ్రెసులోని పెద్దరైతులకు ఎంతటి సంకటమో ఊహింపుడు. సభలో చేయి ఎత్తినవారు ఇంటికి పోయి ఆ చేతినే నెత్తిన పెట్టుకొనిరి.

అక్టోబరు 3వ తేదీన ముల్కీనిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను, జై ఆంధ్ర ఉద్యమము లేచెను, ఆంధ్రప్రాంతపు మంత్రులు రాజీనామా లిచ్చిరి, 1973 జనవరిలో నరసింహారావుగారు పదవి వీడిరి, రాష్ట్రపతిపాలనము వచ్చెను. ఆ ఉద్యమమునకు ఉద్యోగములు, ప్రాంతాభిమానము మొదలైన నిజమైన హేతువు లెన్నియో యున్నవి. అదంతయు భూస్వాముల కుట్రయనుట అన్యాయము. కాని భూసంస్కరణముపై పక్షములోనే పెరిగిన కినుక ఆ మంటకు చమురైనదని పలువురు చరిత్రవేత్తల మతము. చట్టము 1975 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. తుదకు పంచబడిన భూమి మాత్రము ఆశించినదానికంటె చాల తక్కువ.

ఈ కథలో సంప్రదాయవాదుల వాదము వినదగినది. 'పల్లెలో పొలమునకు హద్దు గీయుచున్నారు. పట్టణమున మేడలకును మిద్దెలకును హద్దు లేదేమి?' అని వారడిగిరి. ఈ ప్రశ్న స్వార్థమునుండి పుట్టినదే కావచ్చును. అయినను ప్రశ్న న్యాయమైనదే. 1976లో నగరభూములకును పరిమితిశాసనము కేంద్రమున వచ్చెను. స్వార్థపరుని నోటినుండియైనను సత్యము వెలువడవచ్చును. దానిని ఏఱుకొనుట సంస్కర్త పని. ఫిలింనగరపు నాయకుడు ఏఱుకొనడు, నోరు మూయించును.

నరసింహారావుగారే ఈ యనుభవమును 1998లో 'ది ఇన్‌సైడర్' అను ఆంగ్లనవలగ వ్రాసిరి. అది 'లోపలి మనిషి' యను పేర తెలుగులోనికి వచ్చినది. ఆనందు అను కథానాయకుడు తన పక్షమున ఎదిగి, భూసంస్కరణములకు పాటుపడి, తనవారివలననే అధికారమును కోల్పోవును. నవలగ దానికి దోషములు లేకపోలేదు. ఉపన్యాసము కథను పలుచోట్ల మ్రింగివేసినది, స్త్రీపాత్రలు బలహీనములు. కాని ఒకవిషయమున అది మా కృతజ్ఞతకు పాత్రము. సంస్కారమును చెఱుచువారు నవ్వుచు, భోజనమునకు పిలుచుచు, నాయకుని పొగడుచు చెఱుపుదురని ఆ గ్రంథము చూపినది. అందు కత్తులు లేవు, బాంబులు లేవు. వాయిదాలున్నవి, సంఘములున్నవి, సవరణలున్నవి. శాసనములు నిజముగ చచ్చునది వీటిచేతనే. జూబ్లీహిల్సు రచయితలు ఈ గ్రంథమును ఒకసారి చదివినచో వారి ప్రతినాయకులకు కత్తితో పని తప్పును.

ఇంగ్లండులో 1846లో జరిగినదియు ఇట్టిదే. భూస్వాముల పక్షమునకు నాయకుడైన సర్ రాబర్టు పీలు, భూస్వాములకు లాభకరములైన ధాన్యపుశాసనములను తానే రద్దుచేయించెను. అతని పక్షములో అధికులు ఎదురుతిరిగిరి, డిస్రేలీ వారికి వాగ్బలమైనాడు, పక్షము చీలినది, పీలు పదవి పోయినది. కాని శాసనము నిలిచినది. ఏలయన, ఆ తగవు గదులలో గాక సభలో, దేశమంతయు వినుచుండగా జరిగినది. చీలిన పక్షముకూడ తరువాత పెద్దదైనది. లోపలి తగవు బహిరంగమైనంతమాత్రమున పక్షము నాశనము కాదనుటకు ఇది మంచి నిదర్శనము.

మా విమర్శకు ఒక సమాధానము చెప్పవచ్చును. 'రెండున్నరగంటల చిత్రమున వాదములకు తావెక్కడ? డబ్బిచ్చి వచ్చినవారు శాసనసభాచర్చను చూతురా?' అని నిర్మాత లందురు. దీనిలో కొంత నిజము కలదు. కాని 'మాలపిల్ల' జనము విరుగబడి చూచిన చిత్రమే. పద్యనాటకపు రాయబారములో ఇరువురు ఎదురెదురుగ నిలిచి వాదించుకొనుచుండగా రాత్రులకు రాత్రులు మేలుకొని వినిన జాతి మనది. వాదము తెలుగువారికి రుచింపదనుట నమ్మదగినది కాదు. ఇరువైపుల బలమున్నప్పుడే వాదము రుచించును. ఒకవైపు కసాయివానిని నిలిపినచో అది వాదమే కాదు.

ఇందువలన నష్టము నాటకకళకు మాత్రమే యైనచో మేమింత వ్రాసియుండము. నష్టము గృహములలో జరుగుచున్నది. ప్రతి యిల్లును ఒక పక్షమువంటిదే. కూతురికి పైచదువు చెప్పింపవలెనని ఒకరు, ముందు పెండ్లియని ఒకరు, ఈ రెండేండ్లు చదువనిచ్చి చూతమని ఒకరు అందురు. కులాంతరవివాహమో, కూతునకు ఆస్తిలో సమభాగమో మాటకు వచ్చిననాడు ఈ మూడుకంఠములును వినబడును. అన్నిటికంటె ఎక్కువగ ఎదిరించు బామ్మ దుర్మార్గురాలు కాదు; మనకు జ్వరము వచ్చిననాడు రాత్రి మేలుకొన్నది ఆమెయే. ఆమెతో వాదించుట నేర్వవలెను, ఆమె భయమును గుర్తింపవలెను, గుర్తించియు మన మాటపై నిలువవలెను. ఎదిరించువాడెల్ల ద్రోహియని తెఱమీద నేర్చుకొన్న యువకుడు ఇంటికి వచ్చి ఈ పనికి పనికిరాడు. అతడు తలుపు విసరికొట్టి పోవును, లేదా నోరుమూసుకొని లోబడును. రెండువిధములను సంస్కారము ఓడును.

కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. వెలిపెట్టుదుమన్న బెదరింపులకు మిత్రులలో కొందఱు వెనుదీసిరి. కొందఱు లోపల సానుభూతియుండియు బయటికి రాలేకపోయిరి. పైడా రామకృష్ణయ్యగారివంటివారు ధనసహాయముచేసి నిలిచిరి. ఆ పెండ్లిని గూర్చి చెప్పునప్పుడు వీరేశలింగముగారి ధైర్యమునే చెప్పి ఊరకుందుము. జంకినవారిలో కొందఱు తరువాత మెల్లగ దరిజేరిరి. వారిని చేరనిచ్చుటయు ఆ ఉద్యమపు నేర్పే. వెనుదీసినవారిని శాశ్వతశత్రువులుగ లెక్కించియున్నచో ఆ ఉద్యమము ఒకయింటితో ఆగియుండును.

ఫిలింనగరపు రచయితలను మేము కోరునది స్వల్పము. మీ నాయకుని తగ్గింపనక్కఱలేదు. అతని కెదురుగ కూర్చున్నవానికి ఒక మంచిమాట నిండు. అతని చేతిలోని కత్తిని తీసి, నోటిలో ఒక వాదమును పెట్టుడు. ఇరువురినడుమ ఒక మితవాదిని కూర్చుండబెట్టుడు. అతడు తడబడనిండు, తప్పు చేయనిండు, ఒకొకప్పుడు గెలువనిండు. అట్టి చిత్రము వచ్చిననాడు మన యిండ్లలో తండ్రియు కొడుకును బామ్మయు కలిసి చూచి, చూచినపిదప తమలో తాము మాటలాడుకొందురు. అంతకంటె మించిన విజయము సంస్కారచిత్రమునకు లేదు.